పొదుపు కడుపు మీద వద్దు
(ఉప్పల్–నాచారం అద్దె గదిలో మేము నేర్చుకున్న వంట, లెక్క, ఆరోగ్యం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామా, పాత జ్ఞాపకాలు రాద్దామా అని మేము నలుగురం ఆలోచించాం. చివరికి వంట గురించి రాయాలని అనుకున్నాం. నవ్వకండి. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ గంట కొడితే పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డాం. పప్పు నీళ్ళలా ఉందని తిట్టుకుంటూనే తిన్నాం. బయటికి వచ్చాక గంట కొట్టేవాళ్ళు ఉండరు. ఎప్పుడు తినాలో, ఏం తినాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో మనమే తేల్చుకోవాలి. అది తెలియక మాలో ఒకరం ప్రాణం మీదికి తెచ్చుకున్నాం. మీరు రేపు బయటికి వచ్చేవాళ్ళు కనుక ఆ సంగతి మీకు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

మా గది

వరంగల్, జనగామ వైపు నుంచి వచ్చే బస్సు మనల్ని ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దింపుతుంది. మన ఊళ్ళ నుంచి పట్నానికి అదే గుమ్మం. అక్కడి నుంచి హబ్సిగూడ మీదుగా అయినా, చిలకానగర్ మీదుగా అయినా నాచారం దగ్గరే. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లో పని దొరుకుతుంది. అటు తార్నాక దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. అందుకే పని చేసేవాళ్ళు, చదివేవాళ్ళు ఇద్దరూ ఈ పక్కనే గదులు వెతుక్కుంటారు.

మా నలుగురిలో ఇద్దరం కంపెనీలో ప్యాకింగ్ పనికి, ఒకరం యూనివర్సిటీకి, ఇంకొకరం నర్సింగు చదువుకి వెళ్ళేవాళ్ళం. ఒక గది, ఒక చిన్న సిలిండరు, ఒక కుక్కరు, నాలుగు పళ్ళేలు. అద్దె, కరెంటు పోగా మిగిలిన దాంట్లో ఇంటికి కొంత పంపాలి. తమ్ముడి ఫీజు, అమ్మ మందులు, నాన్న అప్పు. ఏదో ఒకటి అందరికీ ఉంది. అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు. తగ్గించడానికి వీలుగా కనిపించేది ఒక్క తిండే. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, తొక్కు. సాయంత్రం ఆకలికి ఒక పఫ్, మళ్ళీ టీ. రాత్రి కర్రీ పాయింట్ నుంచి ఒక ప్యాకెట్ కూర తెచ్చి నలుగురం పంచుకునేవాళ్ళం. దీన్నే మేము పొదుపు అనుకున్నాం.

ఆ రోజు జరిగింది

2022 ఎండాకాలంలో ఒక సాయంత్రం మాలో ఒకరు డ్యూటీ దిగి వస్తూ బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. అంతకు నెల ముందు నీరసమని ఒక చిన్న క్లినిక్‌కు వెళితే రక్త పరీక్ష ఏమీ చేయకుండా ఒక సెలైన్ ఎక్కించి, ఒక సూది వేసి, డబ్బులు తీసుకుని పంపించారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది. మళ్ళీ మామూలే. మెట్లెక్కితే ఆయాసం. బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం నమిలేది. అది చిన్నప్పటి అలవాటులే అని మేము నవ్వేవాళ్ళం.

పడిపోయిన రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోతే హిమోగ్లోబిన్ 6.4 అని వచ్చింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, 'బహిష్టు ఎన్ని రోజులు ఉంటుంది?' అని. మా స్నేహితురాలు తల దించుకుని, 'పది రోజులు' అంది. రెండేళ్ళుగా అలాగే ఉందట. ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకునే మాకు ముగ్గురికీ ఆ సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని మేము ఎక్కువగా బాధపడింది దానికే.

రక్తహీనత అంటే ఏమిటి?

మన రక్తంలోని ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది అదే. అది తయారవడానికి ఇనుము కావాలి. ఇనుము చాలకపోతే మోసే కూలీలు తగ్గినట్టే. గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. అందుకే ఆయాసం, గుండెదడ.

గర్భిణులు కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 11 నుంచి 11.9 వరకు స్వల్పం, 8 నుంచి 10.9 వరకు మధ్యస్థం, 8 కన్నా తక్కువైతే తీవ్రం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మా గదిలోని నలుగురిలో ఇద్దరికైనా ఉండాలి. పరీక్ష చేయించుకుంటే ముగ్గురికి ఉందని తేలింది.

ఆడవాళ్ళకు ఇది ఎందుకు ఎక్కువ? నెలనెలా రక్తం పోతుంది కనుక. అందుకే జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలంటే, ఆడవారికి 29 కావాలని ఉంది. కానీ మన ఇళ్ళలో చివర తినేది, అడుగున మిగిలింది తినేది ఎవరో మీకు తెలుసు. అవసరం ఎక్కువున్న చోటే పళ్ళెం ఖాళీగా ఉంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఊరుకోకండి: కింది కనురెప్ప లోపల, గోళ్ళు, నాలుక పాలిపోవడం. మెట్లెక్కితే ఆయాసం. జుట్టు రాలడం. చదివింది మనసుకు పట్టకపోవడం. పచ్చి బియ్యం, సుద్ద, మట్టి తినాలనిపించడం. ఈ చివరిది చెడ్డ అలవాటని తిట్టవలసిన విషయం కాదు, ఇనుము లోపానికి గుర్తు కావచ్చు.

మా లెక్కల పుస్తకం

ఆసుపత్రి నుంచి వచ్చాక మేము మొదట చేసిన పని ఒక నోటు పుస్తకం కొనడం. ఒక నెల పాటు తిండికి పెట్టిన ప్రతి రూపాయీ రాశాం. నెలాఖరున కూడితే మాకే సిగ్గేసింది. టీలకు, పఫ్‌లకు, కర్రీ పాయింట్‌కు పోయిన డబ్బులు పప్పుకు, కూరగాయలకు, గుడ్లకు కలిపి పెట్టిన డబ్బుల కన్నా ఎక్కువ. అంటే మేము తక్కువ ఖర్చు పెట్టడం లేదు. ఖర్చు పెట్టి మరీ పస్తులుంటున్నాం.

తార్నాకలో మన బస్సులు పోయే దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టి తినడం వల్ల బి1 విటమిన్ అందక వచ్చే జబ్బే బెరిబెరి. ఆ సంస్థ చెప్పే రోజువారీ పళ్ళెంలో ఒక మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉంటాయి. మా పుస్తకం చూస్తే తలకు పప్పు 25 గ్రాములు కూడా పడడం లేదు. అన్నం మాత్రం రెండింతలు తింటున్నాం.

అంతా ఒక్కసారిగా మార్చలేకపోయాం. పాలు, పండ్లు ఇప్పటికీ ఆ లెక్కకు రావు. కానీ కర్రీ పాయింట్ మానేసి ఆ డబ్బు పప్పుకు, ఆకుకూరకు మళ్ళించాం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం అయినప్పుడు నలుగురం కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాం: ఆ చార్జీ డబ్బులు గుడ్లకే. వాటిని ఇంకే ఖర్చులోనూ కలపలేదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మనలాంటి వాళ్ళకు సులువుగా, చవకగా దొరికేవి అవి.

వంటలో పాటించే పద్ధతులు

1. కుక్కర్‌లో కింద పప్పు, ఆకుకూర. పైన గిన్నెలో బియ్యం. ఒక్క మంట మీద రెండూ అవుతాయి. శనగలు, పెసలు, బొబ్బర్లు రాత్రే నానబెడితే గ్యాసు మిగులుతుంది. నానబెట్టినా, మొలక కట్టినా వాటిలోని ఇనుము ఒంటికి పట్టడం సులువవుతుంది.

2. బియ్యం ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. గంజి వార్చి పారబోయకండి. బి విటమిన్లు నీళ్ళలో కరిగి మోరీలోకి పోతాయి. ఎసరు సరిపడా పోసి ఇగిరించండి.

3. వారానికి నాలుగు పూటలైనా అన్నం బదులు జొన్నరొట్టె, గట్క, రాగి అంబలి. తెల్ల బియ్యం 100 గ్రాముల్లో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. జొన్నల్లో సుమారు 4, సజ్జల్లో 6కు పైనే. రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైన ఉంటుంది, అదే కొలతలో పాలలో సుమారు 120. మన తాతలు తిన్న తిండిని పేదల తిండి అని మనమే చిన్నచూపు చూశాం.

4. ఆకుకూర రోజూ ఉండాలి. తోటకూర, పుంటికూర, పాలకూర, మునగాకు ఏదైనా సరే. సాయంత్రం అంగడి ముగిసే వేళకు వెళితే కట్టలు చవకగా ఇస్తారు. కడిగాక తరగాలి, తరిగాక కడగకూడదు.

5. దించాక నిమ్మరసం పిండండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. సి విటమిన్ తోడైతే ఎక్కువ పడుతుంది. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ పోతుంది. నిమ్మ లేకపోతే ఉసిరి, ఒక జామకాయ ముక్క.

6. టీ అన్నానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట తాగవద్దు. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనీయవు. మేము మానిన వాటిలో కష్టమైంది ఇదే. కంపెనీలో భోజనం కాగానే టీ వస్తుంది. దాన్ని సాయంత్రం విరామానికి మార్చుకున్నాం.

7. ఇనుప మూకుడులో కూర వండండి. టమాటా, చింతపండు వేసిన పులుపు కూరల్లోకి కొంత ఇనుము దిగుతుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి.

ఎరుపు రంగు భ్రమ

రక్తం తక్కువగా ఉందనగానే చుట్టాలు బీట్‌రూట్, దానిమ్మ తెస్తారు. రంగు చూసి పుట్టిన నమ్మకం ఇది. తినండి, మంచివే. కానీ వాటిలో ఇనుము తక్కువ. దానిమ్మ కొనే డబ్బుతో ఎన్ని తోటకూర కట్టలు, ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోండి.

ఇంకో మాట సిగ్గుపడకుండా చెబుతాం. మన ఇళ్ళలో తినే కార్జం, నల్ల, బోటి గురించి కాలేజీలో చెప్పడానికి మేము వెనకాడేవాళ్ళం. ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనని భయం. నర్సింగు చదివే మా స్నేహితురాలు తన పాఠం తెచ్చి చదివి వినిపించింది. మాంసంలో, ముఖ్యంగా కార్జంలో, నల్లలో ఉండే ఇనుము ఆకుకూరల ఇనుము కన్నా ఎంతో సులువుగా ఒంటికి పడుతుంది. మాంసం కొనలేని మన అవ్వలు ఆ వేపుడుతోనే బాలింతలను నిలబెట్టారు. మా గదిలో పదిహేను రోజులకొకసారి కోడి కార్జం వండుతాం. అయితే గర్భంతో ఉన్నవారు కార్జం ఎక్కువగా తినకూడదు, అందులో ఏ విటమిన్ మరీ ఎక్కువ.

తిండి ఒక్కటే చాలదు

హిమోగ్లోబిన్ బాగా పడిపోయాక తిండితో మాత్రమే లేవదు, మాత్రలు వేసుకోవాలి. ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెప్పాలి. మాత్రలతో మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని వెంటనే ఆపవద్దు. ఒంట్లో ఇనుము నిల్వ చేరడానికి మరి కొన్ని నెలలు పడుతుంది.

రక్తం పోతున్న కారణం కూడా వెతకాలి. కుండకు చిల్లి ఉండగా నీళ్ళు పోస్తే ఏం లాభం? మా స్నేహితురాలికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు తేలింది. దానివల్ల కూడా బహిష్టులో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున, ఇనుము మాత్ర దానికి కనీసం నాలుగు గంటల దూరంలో వేసుకోమన్నారు. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు. కొందరికి నులిపురుగులు, కొందరికి గర్భాశయంలో గడ్డలు, కొందరికి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్, తలసేమియా వంటివి కారణం కావచ్చు. మాత్రలు వేసుకున్నా పెరగకపోతే మళ్ళీ డాక్టరుకు చూపించాలి.

బహిష్టు ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా అది 'మా ఇంట్లో అందరికీ ఇంతే' అని వదిలేసే సంగతి కాదు. బట్ట వాడేవాళ్ళు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. సిగ్గుపడి తలుపు వెనకాల, వేరే బట్టల కింద ఆరేస్తే తడి ఆరక ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. జన ఔషధి దుకాణాల్లో 2019 ఆగస్టు నుంచి ప్యాడ్ ఒక్కోటి రూపాయికే ఇస్తున్నారు.

పనిచోట మరుగుదొడ్డి బాగుండదని నీళ్ళు తాగకుండా ఉండడం మాలో చాలామంది చేసిన తప్పు. మూత్రంలో మంట మొదలవుతుంది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే ఉన్న మాట. ఒక్కరు అడిగితే వినరు. మేము పదిమందిమి కలిసి అడిగితే తలుపుకు గడియ పెట్టించారు. మంటతో పాటు జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలి?

పనిలో చేరిన రోజే ఈఎస్ఐ ఉందా అని అడగండి. 2017 జనవరిలో జీతం పరిమితిని నెలకు 21 వేలకు పెంచారు. 2019 జూలై నుంచి జీతంలో మన వంతుగా 0.75 శాతం, యజమాని వంతుగా 3.25 శాతం కట్టాలి. జీతంలో ఈఎస్ఐ కోత కనిపిస్తుంటే మీ నంబరు అడిగి తీసుకోండి. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. వైద్యంతో పాటు, నిర్ణీత రోజుల చందా కట్టి ఉంటే, జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం వస్తుంది. మాలో ఇద్దరికి కోత పడుతున్నా ఏడాది పాటు ఆ సంగతే తెలియదు. చదువుకునేవాళ్ళకు బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. అత్యవసరమైతే 108.

మా గది నియమాలు

గోడకు ఒక కాగితం అంటించాం. ఒకటి, పొద్దున ఏదైనా తినకుండా ఎవరూ గడప దాటకూడదు. సద్దన్నం, పెరుగు అయినా సరే. రెండు, బహిష్టు తేదీలు క్యాలెండరులో నలుగురివీ రాయాలి, ఏడు రోజులు దాటితే మిగతావాళ్ళు అడగాలి. మూడు, ఆసుపత్రికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. నాలుగు, నెలనెలా తలా కొంత మందుల డబ్బాలో వేయాలి. అందులోంచి తీసుకున్నది అప్పు కాదు. అయిదు, ఆరు నెలలకోసారి నలుగురం రక్త పరీక్ష చేయించుకోవాలి.

రెండో నియమానికి మొదట్లో చాలా ఇబ్బందిపడ్డాం. ఇప్పుడు ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా మాట్లాడుకుంటున్నాం. ఒకరు నొప్పితో ముడుచుకుని పడుకుంటే ఆ పూట వంట వంతు వేరొకరిది. ఎవరూ లెక్క అడగరు.

చివరిగా మీకు

చెల్లెళ్ళూ, హాస్టల్లో ఉండగానే మొదలుపెట్టండి. వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర కిటికీలోంచి పారేయకండి. మేమూ పారేశాం, అందుకే చెబుతున్నాం. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర నమిలి మింగండి. 2024 నవంబరు నుంచి తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచింది. 8 నుంచి 10వ తరగతి వరకు 1,100 నుంచి 1,540 రూపాయలకు, ఇంటర్ ఆపైన 1,500 నుంచి 2,100కు చేరాయి. ఆ పెరిగిన డబ్బు మీ పళ్ళెంలో కనిపించాలి. మెస్ కమిటీలో కూర్చోండి. పప్పు చిక్కగా లేకపోతే మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు.

మా స్నేహితురాలి హిమోగ్లోబిన్ పోయిన పరీక్షలో 11.6 వచ్చింది. ఇంకా 12 రాలేదు. అయినా ఇప్పుడు మూడో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. తమ్ముడికి ఫీజు కూడా పంపుతోంది. ఈ వ్యాసం రాయడానికి ఆమె ఒప్పుకుని, ఒక్క మాట చేర్చమంది: 'నేను చెప్పుకోలేకపోయాను. మీరు చెప్పండి. మీ పక్కన పడుకున్న అమ్మాయిని అడగండి.'

డబ్బు పొదుపు చేయండి. గ్యాసు, కరెంటు పొదుపు చేయండి. కడుపు మీద మాత్రం పొదుపు చేయకండి.

ఇట్లు,
మీ అక్కలు,
హాస్టల్ పూర్వ విద్యార్థినులు, నాచారం